ఎవరికీ చూపించని పేజీలు

‘మీకు ఐడియాలు ఎక్కడి నుంచి వస్తాయి?’ బొమ్మలు వేసేవాళ్లని అందరూ అడిగే ప్రశ్న ఇది. పెళ్లిలో పక్క కుర్చీలో కూర్చున్న బాబాయ్ దగ్గర్నుంచి ఇన్‌స్టాలో మెసేజ్ పెట్టే ఇంటర్ పిల్లల దాకా ఎవరూ వదలరు. ఏదో గొప్ప జవాబు వస్తుందని చూస్తారు. నా జవాబు మాత్రం చప్పగా ఉంటుంది. పొద్దుటి కాఫీలోంచి, రైతుబజార్లోంచి, బస్సు కిటికీలోంచి. ఇందులో జోకేం లేదు. నా సంపాదన మొత్తం ఈ మూడింటి మీదే నడుస్తోంది.

నేను విజయవాడలో ఉంటాను. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. అవి లేనప్పుడు పెళ్లి కార్డులు, షాపుల లోగోలు, యూట్యూబ్ థంబ్‌నెయిల్స్. నెలజీతం అంటూ ఏమీ లేదు. రెండేళ్ల కిందట వరసగా మూడు నెలలు ఒక్క పనీ రాలేదు. ఎప్పుడూ పనిచ్చే ఒకాయన ఫోన్ చేసి, “ఏమనుకోకమ్మా, ఏఐతో పది సెకన్లలో అయిపోతోంది” అన్నారు. బేరమాడినా బాగుండేది, నేనూ ఓ మాట అనేదాన్ని. ఆయన చాలా మర్యాదగా చెప్పి పెట్టేశారు. అదే ఎక్కువ గుచ్చుకుంది. ఆ రాత్రి అన్నాల దగ్గర అమ్మ బ్యాంక్ కోచింగ్ మాటెత్తింది.

ఆ మూడు నెలలూ నాతో పెన్ను పట్టించినవి మోటివేషన్ వీడియోలు కావు. అప్పటికే ఉన్న కొన్ని చిన్న అలవాట్లు. చిన్నవంటే నిజంగా చిన్నవే.

మొదటిది కాఫీ. రాత్రే ఫిల్టర్‌లో పొడి వేసి, వేడినీళ్లు పోసి పెడతాను. తెల్లారేసరికి డికాక్షన్ దిగి ఉంటుంది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఫోన్ పక్కగదిలోనే. బాల్కనీలో నిలబడి తాగుతుంటే, కింద మా వాచ్‌మన్ గారి భార్య గేటు ముందు ఊడ్చి, నీళ్లు చల్లి ముగ్గు పెడుతూ ఉంటుంది. ముందు చుక్కలు. తర్వాత వాటి చుట్టూ మెలికలు తిరుగుతూ బయల్దేరిన చోటికే వచ్చి కలిసే గీత. వేళ్ల మధ్య నుంచి పిండి జారేటప్పుడు చెయ్యి నెమ్మదిస్తే గీత లావవుతుంది, వేగం పెంచితే సన్నబడుతుంది. టాబ్లెట్‌లో బ్రష్ సెట్టింగులు మార్చి మార్చి నేను తెప్పించుకునేది ఆవిడ రెండు వేళ్లతో తెప్పిస్తుంది. పది గంటలకల్లా బైకుల టైర్లు దాన్ని తుడిచేస్తాయి. ఒకరోజు అడిగాను, “అక్కా, ఇంత కష్టపడి పెడితే బండ్లు తొక్కేస్తున్నాయి కదా” అని. “తొక్కనీయమ్మా, రేపు ఇంకోటి పెడతాగా” అంది, చెయ్యి ఆపకుండానే.

రెండోది ఆదివారం రైతుబజార్. కూరగాయలు ఎలాగూ కొనాలి. ఓ అరగంట ముందే వెళ్లి, జేబులో పట్టే నలభై రూపాయల పుస్తకం, బాల్‌పెన్ తీసుకుని ఒక మూల నిలబడతాను. మొహాల జోలికి పోను. అడక్కుండా మొహం గీస్తే ఎవరికైనా ఇబ్బందే. చేతులు మాత్రమే గీస్తాను. గోంగూర కట్ట విదిలించే చెయ్యి, బెండకాయ కొస విరిచి చూసే చెయ్యి, చిల్లర లేదని గాల్లో తిరిగే చెయ్యి. మే నెలలో అయితే నూజివీడు రసాల వాసనకి పెన్ను ఆగిపోతుంది. అప్పుడు పుస్తకం మూసేసి నాలుగు పళ్లు కొనుక్కుంటాను. ఆ రోజుకి అదే డ్రాయింగ్.

ఈ పుస్తకానికి ఒక్కటే రూల్. ఇందులోది ఏదీ పోస్ట్ చేయను. నేను సోషల్ మీడియా వద్దనే మనిషిని కాదు. నా క్లయింట్లలో సగంమంది అక్కడి నుంచే వచ్చారు. కానీ ఒక బొమ్మకి లైకులు బాగా వచ్చాయనుకోండి, మర్నాడు కన్ను అలాంటి దానికోసమే వెతుకుతుంది. ఎదురుగా ఉన్నది వదిలేసి, లైకులొచ్చేది ఏమిటా అని చూస్తుంది. అందుకే కంటికి ఎవరి లెక్కలూ లేని చోటు ఒకటి ఉంచాను.

పెద్దవాళ్లలోనూ ఇలాంటి పుస్తకాలు, కాగితాలు ఉన్నవాళ్లున్నారు. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ ఎనభై దాటిన వయసులో, 1842-43 ప్రాంతంలో, రోజూ ఒక సింహం బొమ్మ వేసేవాడు. అమ్మకానికి కాదు. కీడు పోవాలని తన కోసం పెట్టుకున్న నియమం అది. ఒక్కో సింహం ఒక్కోలా ఉంటుంది. సత్యజిత్ రాయ్ అయితే, లెక్కలు రాసుకోవడానికి బెంగాల్ వ్యాపారులు వాడే ఎర్రగుడ్డ అట్టల ఖాతా పుస్తకాల్లో తన సినిమా పనంతా చేసుకునేవారు. సెట్లు, దుస్తుల స్కెచ్‌లు, మాటలు, సంగీతం అన్నీ అందులోనే. ఖరీదైన డైరీ ఏమీ కాదు, కిరాణా కొట్లో ఉండే చిట్టా లాంటిది.

మూడోది నెలకోసారి కొండపల్లి. బస్సులో కిటికీ సీటు, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ లేకుండా. బొమ్మల కాలనీలో కాసేపు నిలబడితే చాలు, బోలెడు నేర్చుకోవచ్చు. తెల్లపొణికి కర్రను వేడి చేసి తేమ తీసేస్తారు. ఒంటి భాగాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. అతికించేటప్పుడు చెయ్యి కాస్త పైకి లేస్తే ఆ బొమ్మ పిలుస్తున్నట్టు ఉంటుంది, కాస్త కిందికి దిగితే అలిసిపోయినట్టు ఉంటుంది. మనిషి భంగిమ గురించి నాకు తెలిసిందాంట్లో చాలా భాగం అక్కడ నిలబడి చూసిందే. జూలియా కామెరాన్ అనే అమెరికన్ రచయిత్రి 1992లో వచ్చిన ‘ది ఆర్టిస్ట్స్ వే’ పుస్తకంలో, వారానికోసారి ఒంటరిగా ఏదైనా నచ్చిన చోటికి వెళ్లిరమ్మంటుంది. మనలోని ఊట మళ్లీ నిండడానికట. నాకు వారానికోసారి కుదరదు, నెలకోసారే కుదురుతుంది. అయినా ఊట ఊరుతూనే ఉంది.

నాలుగోది పడుకునే ముందు మూడు లైన్లు. బొమ్మలు కాదు, మాటలు. ఆ రోజు చూసిందో, విన్నదో, తిన్నదో ఏదైనా మూడు. కిక్కిరిసిన బస్సులో కండక్టర్ అన్న “లోపలికి జరగండి, లోపల బంగారం పంచుతున్నారు” ఒక లైన్. మొదటి వానకి మా వీధి నుంచి వచ్చిన వాసన ఒక లైన్. అమ్మ ఆవకాయ కలిపిన బేసిన్‌లో వేడన్నం వేసి కలిపి పెట్టిన ముద్ద ఇంకో లైన్. పని లేని ఆ మూడు నెలల్లో కూడా ఈ మూడు లైన్లకి కరువు రాలేదు. అకౌంట్‌లో ఏమీ లేని రోజున కూడా, ఇవాళ ఏదో ఒకటి జమ అయిందనిపించేది.

నాలుగో నెలలో పిల్లల కోసం సంత మీద పుస్తకం వేస్తున్నవాళ్లు శాంపిల్స్ అడిగారు. రైతుబజార్ పేజీలు ముందు పెట్టుకుని ఆరు బొమ్మలు కొత్తగా వేసి పంపాను. అక్కడి ఎడిటర్ ఒక బొమ్మ దగ్గర ఆగారట. అరటినార ఒక కొస పంటితో పట్టుకుని, రెండు చేతులతో కొత్తిమీర కట్ట కడుతున్న మనిషి. “ఇది మీరు చూసే వేశారు కదా?” అని అడిగారు. అవునన్నాను. పని వచ్చింది.

దాంతో కష్టాలన్నీ తీరిపోయాయని చెప్పను. థంబ్‌నెయిల్స్ పని మళ్లీ రాలేదు, ఇక రాదు కూడా. అమ్మ కోచింగ్ సెంటర్ పాంప్లెట్ ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది. ఏఐ నాకంటే వేగంగా వేస్తుంది, రేపు ఇంకా బాగా వేస్తుంది. కానీ ఆ పంటి కింది అరటినారని వేయమని దానికి చెప్పాలన్నా, ముందు ఒక మనిషి రైతుబజార్లో నిలబడి చూసి ఉండాలి కదా. ఆ నిలబడే పనిని నేను ఉంచుకున్నాను.

‘మాకంత టైమెక్కడిది?’ అంటారేమో. జపాన్ నవలాకారుడు మురకామి నవల రాసే రోజుల్లో తెల్లవారుజామున నాలుగింటికే లేచి, ఐదారు గంటలు రాసి, తర్వాత పది కిలోమీటర్లు పరిగెత్తేవాడు, లేదంటే ఈత కొట్టేవాడు. అది చదివి భయపడక్కర్లేదు. షిఫ్టులు, ట్రాఫిక్, ఇంటి పనులు ఉన్నవాళ్లకి అది కుదరదు. నావన్నీ ఎలాగూ చేసే పనులే. కాఫీ ఎలాగూ తాగుతాం, కూరగాయలు ఎలాగూ కొంటాం, బస్సు ఎలాగూ ఎక్కుతాం. అదనంగా పెట్టేది కాస్త చూపు, అంతే. మీరు పాటలు రాసినా, రీల్స్ ఎడిట్ చేసినా, కేకుల మీద క్రీమ్ పూలు వేసినా ఇది పనికొస్తుంది. ఎవరికీ తెలియకపోయినా మీరు ఇష్టంగా చేసే పని ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని వదలకండి. వీలైతే దాన్ని ఫోన్‌కి కూడా చూపించకండి.

నా నలభై రూపాయల పుస్తకాల్లో ఇప్పుడు పదకొండోది నడుస్తోంది. నిన్నటి పేజీలో ఒక బొమ్మ చాలా బాగా కుదిరింది. ఏమిటో మాత్రం చెప్పను.