బిలయాత్ర

మానవుని విజ్ఞానం రెండు మార్గాల్లో పెంపొందుతుంది. ఒకటి పఠనం, రెండవది పర్యటనం. మన పెద్దలు ఈ రెండింటినీ ఆదరించారు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, 1831లో తిరిగివచ్చి, తాను చూసిన ఊళ్ళను, బాటలను, జనుల నడవడిని కాశీయాత్రా చరిత్రగా మనకు అందించాడు. ఆయన వెంట సుమారు వందమంది పరివారం నడిచింది. ఆ కాలంలో దూరప్రయాణమంటే ఒక చిన్న ఊరు కదలివెళ్ళడమే. నేను చెప్పబోయే యాత్రకు పరివారం లేదు. ఒక చేతిసంచి, మూడువేల రూపాయలు, యాభైనాలుగేళ్ళ వయసు మాత్రమే నా వెంట ఉన్నాయి.

మా నివాసం తార్నాక. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం మా ఇంటికి నడిచివెళ్ళేంత దూరం. అక్కడే ప్రబంధ సాహిత్యంపై పరిశోధన చేసి డాక్టరేటు పొందాను. 1939లో పూర్తయిన ఆర్ట్స్ కళాశాల గులాబివన్నె గ్రానైటు భవనం ఎదుట నేటికీ నా ఉదయపు నడక సాగుతుంది. ప్రాంగణంలో ఎటు చూసినా ఒకదానిపై ఒకటి పేర్చినట్లు గుండ్లు. అవి సుమారు 250 కోట్ల ఏళ్ళనాటి శిలలని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఇంత రాయి ఉన్నచోట పెద్ద గుహ ఒక్కటీ లేదేమని, నడకలో కలిసే ఒక విశ్రాంత భూగర్భశాస్త్ర ఆచార్యులను ఒకనాడు అడిగాను.

"గ్రానైటు అంత సులభంగా నీటికి లొంగదమ్మా. అలాంటి గుహ కావాలంటే సున్నపురాయి కావాలి. మీ ఇంట్లో నేలకు ఏ రాయి పరిచారు?" అన్నారాయన.

"నాపరాయి. బేతంచెర్ల బండలు."

"అది సున్నపురాయే. అదే జాతి రాతిలో బెలుం గుహలు ఏర్పడ్డాయి. గుహకు పుట్టినిల్లయిన రాతిమీదనే మీరు రోజూ నడుస్తున్నారు" అని నవ్వారు.

ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. కావ్యాల్లోని గుహలు నాకు కొత్త కావు. రామాయణ కిష్కింధాకాండలో దాహార్తులైన వానరులు ఒక బిలం నుంచి తడిసిన రెక్కలతో వెలువడుతున్న పక్షులను చూసి, లోపల నీరుందని గ్రహిస్తారు. కటికచీకటిలో ఒకరి చేయి ఒకరు పట్టుకొని ముందుకు సాగి, స్వయంప్రభ ఆతిథ్యం పొందుతారు. ఆ ఘట్టాన్ని తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆ చీకటి ఎలా ఉంటుందో చూడాలన్న కోరిక మాత్రం తీరలేదు.

అంతవరకు నేను చేసిన ప్రతి ప్రయాణానికీ ఒక కారణం ఉండేది. పెళ్ళి, పురుడు, పరామర్శ, పరీక్షపత్రాల మూల్యాంకనం. ప్రతిసారీ ఎవరో ఒకరు తోడుండేవారు. ఈసారి ఒంటరిగా వెళ్తానన్నప్పుడు ఇంట్లో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. "సెలవుల్లో కారు మాట్లాడుకొని అందరం పోదాం" అన్నారు మావారు. అందరం వెళ్తే అందరి ఆకలి, అలసట, మంచినీళ్ళ సీసాలు నా పూచీ అవుతాయి. చీకటిని చూడవలసిన కళ్ళు ఎవరు వెనకబడ్డారోనని వెతుకుతుంటాయి. ఆ మాట పైకే అన్నాను. ఆయన తలపంకించి ఊరుకున్నారు. అబ్బాయి కళాశాల రుసుము కట్టిన నెల కనుక, ఖర్చు మూడువేలు దాటరాదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను.

మా అత్తగారికి మాత్రం సమాధానం కలగలేదు. "గుడి లేదు, గోపురం లేదు. గుహలో ఏముందమ్మా? అదీ ఒక్కదానివే!"

"ఏముందో చూసివచ్చి మీకు చెబుతాను అత్తయ్యా."

ఆమె మారుమాట్లాడలేదు. సాయంత్రానికి చపాతీలు, చింతకాయ పచ్చడి మూటకట్టి నా సంచిలో పెట్టింది.

ఆర్ట్స్ కాలేజీ స్టేషనులో లోకల్ రైలెక్కి కాచిగూడ చేరాను. అక్కడ నుంచి వేంకటాద్రి ఎక్స్‌ప్రెస్ స్లీపరు పెట్టెలో రాత్రి ప్రయాణం. తెల్లవారకముందే తాడిపత్రిలో దిగాను. వసతిగృహం ఖర్చు మిగలాలంటే స్టేషను నిరీక్షణశాలే శరణ్యం. వెలుగు వచ్చేదాకా అక్కడే కూర్చుని, ముఖం కడుక్కొని, కొలిమిగుండ్ల మీదుగా వెళ్ళే పల్లెవెలుగు బస్సెక్కాను.

నా పక్కన కూర్చున్న స్త్రీ నాపరాళ్ళను నునుపుచేసే ఫ్యాక్టరీలో కూలి. అరచేతుల గీతల్లో రాతిపొడి తెల్లగా నిలిచిపోయి ఉంది.

"యాడికి పోతాండావక్కా?"

"బెలుం గుహలకు."

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. తరువాత ఒడిలోని మూట విప్పి, గుప్పెడు ఉడికించిన చెనిక్కాయలు నా చేతిలో పోసింది. "మేము దినామూ ఈ దావంటే పోతాము. లోపలికి మటుకు ఎప్పుడూ పోల్యా. పనిడిసిపెట్టి పోతే కూలి పోతాది గదా" అంది. నాతో రమ్మన్నాను. ఈరోజు కుదరదని, తన బిడ్డకు మాత్రం చూపించాలని ఉందని చెప్పింది. బాటకిరువైపులా బండలు దొంతరలుగా పేర్చి ఉన్నాయి. మా వంటింటి నేల ఎవరి చేతులమీదుగా తార్నాకకు చేరిందో ఆ ఉదయం నాకు తెలిసింది. కారులో వెళ్ళి ఉంటే ఆ చేతులు నాకు కనిపించేవి కావు.

కొలిమిగుండ్ల నుంచి షేర్ ఆటోలో బెలుం చేరాను. ఇది 2022 వరకు కర్నూలు జిల్లాలోనిది. ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. నేలమీద గుహ ఉన్న జాడే కనిపించదు. చదునైన భూమిలో బావుల వంటి మూడు బిలాలు మాత్రం ఉన్నాయి. నడిమి బిలంలోకి మెట్లు దిగాలి. సంస్కృతంలోని బిలం అన్న మాటే జనుల నోట బెలుం అయిందంటారు.

ఈ గుహలను గురించి 1884లో రాబర్ట్ బ్రూస్‌ఫుట్ అనే భూగర్భశాస్త్రవేత్త నమోదు చేశాడు. దాదాపు నూరేళ్ళ తరువాత, 1982-83లో డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ అన్వేషకులు లోపలి దారులను వివరంగా కొలిచారు. గుహ మొత్తం పొడవు 3,229 మీటర్లు. మన దేశపు మైదాన ప్రాంతాల్లో ఇంత పొడవైన గుహ మరొకటి లేదని చెబుతారు. ఒకప్పుడు పరిసరాలవారు చెత్త పారవేసే గొయ్యిగా ఉన్న ఈ చోటును పర్యాటకాభివృద్ధి సంస్థ 1999లో చేపట్టి, శుభ్రపరచి, దీపాలు అమర్చి, 2002లో ప్రజలకు తెరిచింది. సుమారు కిలోమీటరున్నర దూరం లోపల నడవవచ్చు.

లోపల ఉక్క. పైనుంచి గొట్టాల ద్వారా గాలి పంపుతున్నా చెమట ఆగదు. గోడలు అలలు అలలుగా నునుపుదేరి ఉన్నాయి. ఇక్కడ శిల్పి నీరే. వానచినుకు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకొని స్వల్పమైన ఆమ్లంగా మారుతుంది. అది రాతి పగుళ్ళలో దిగి, సున్నాన్ని కరిగించుకుంటూ దారి చేసుకుంటుంది. కరిగిన సున్నమే గుహ కప్పు నుంచి చుక్కచుక్కగా దిగి, మర్రి ఊడలవలె గడ్డకడుతుంది. కోటిలింగాలు, ఊడలమర్రి అన్న పేర్లు ఈ రూపాలను చూసి పెట్టినవే.

ఇటువంటి ఊడ సగటున ఏడాదికి ఒక మిల్లీమీటరులో పదోవంతు పెరుగుతుందంటారు. అంటే ఒక సెంటీమీటరుకు నూరేళ్ళు. నన్నయ నుంచి నేటిదాకా మన సాహిత్యపు వెయ్యేళ్ళూ ఆ ఊడలో బెత్తెడు. నేను జీవితమంతా చదివినదీ, చదివి చెప్పినదీ ఆ బెత్తెట్లోనే ఉంది. చేయి చాచి ముట్టుకోబోయి ఆగాను. మనిషి చర్మంలోని జిడ్డు అంటితే అక్కడ పెరుగుదల దెబ్బతింటుందని చదివి ఉన్నాను.

గుహలో అతిలోతైన చోటు పాతాళగంగ. అక్కడ సన్నని నీటిపాయ పారి, భూమిలోకి మాయమవుతుంది. ఆ నీరు బెలుం గ్రామంలోని బావికి చేరుతుందని స్థానికుల నమ్మకం. తోటి సందర్శకులు ముందుకు కదిలారు. నేను కొద్దిసేపు ఆగాను. మాటలు దూరమయ్యాక నీటిచుక్క చప్పుడు, నా ఊపిరి చప్పుడు మిగిలాయి. ఇంటినుంచి బయలుదేరినప్పుడు గుండెలో ఉన్న బెరుకు అక్కడ లేదు. నేను ఎవరికోసమూ వెనుదిరిగి చూడనక్కరలేని ఆ కొద్ది నిమిషాలు నా యాభైనాలుగేళ్ళలో నాకు దొరికిన ధనం.

సాయంత్రం తాడిపత్రిలో పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయం చూసి, రాత్రి రైలెక్కి మరునాడు ఇల్లు చేరాను. లెక్క చూస్తే మూడువేలలో కొంత మిగిలింది.

ప్రియ విద్యార్థులారా, మీలో కొందరు రేపు ఒంటరిగా ప్రయాణం చేస్తారు. వెళ్ళేచోటు ఇంట్లో చెప్పండి. జారని చెప్పులు తొడుక్కోండి. గుహలో దీపాలున్న దారి దాటకండి. కూడబెట్టిన డబ్బు స్వల్పమని మాత్రం ప్రయాణం మానుకోకండి. డబ్బు తక్కువైనచోట దారి అడగాలి, బల్ల పంచుకోవాలి, ఒకరు పెట్టింది తినాలి. ఒంటరిగా వెళ్ళిన నాకు తోడు దొరికింది ఆ విధంగానే.

ఆ రాత్రి మా అత్తగారు నా చేత గుహ అంతా చెప్పించుకుంది. మెట్లెన్ని, చీకటి ఎంత, నీళ్ళు తియ్యగా ఉన్నాయా అని అడిగింది. అంతా విన్నాక మంచంమీద నుంచి వంగి, వంటింటి గుమ్మం దగ్గరి బండను అరచేత్తో నిమిరింది.

"ఈసారి పోయేటప్పుడు, ఆ బస్సులో అమ్మాయి కనిపిస్తే, బిడ్డను కూడా తోలుకొని వెళ్ళు. ఆ టికెట్టు డబ్బులు నేనిస్తాను" అంది.