పిట్టకు ఎంత దూరంలో నిలబడాలి?

“కూతురి పురుడని ఆస్ట్రేలియా వెళ్లి, పిట్టల వెంట తిరిగొచ్చిందమ్మా!” అని మా వదిన ఇప్పటికీ నన్ను ఆట పట్టిస్తుంది. మీరూ నవ్వుకుంటే నవ్వుకోండి. కానీ అక్కడున్న ఆరు నెలల్లో పిట్టలు నాకు నేర్పిన సంగతి ఒకటుంది. అది మీతో చెప్పుకోవాలనిపించింది.

మా అమ్మాయి వాళ్లుండేది మెల్‌బోర్న్ ఊరి చివర. నేను వెళ్లింది ఆగస్టులో. మనకు వానలైతే, వాళ్లకు చలికాలం ఆఖరు. వాళ్లిద్దరూ ఆఫీసులకు వెళ్లిపోతే ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. ఇంతకీ మొదటిరోజు తెల్లవారకముందే ఎవరో పెరట్లో పగలబడి నవ్వుతుంటే హడలిపోయి లేచాను. చూద్దును కదా, బట్టలారేసే తీగమీద పెద్ద తలకాయ పిట్ట! కూకబర్రా అంటారట. మన లకుముకి పిట్ట వంశమే, ఆ వంశం మొత్తంలోకీ పెద్దది. ఆ నవ్వు నవ్వు కాదు, “ఇది మా జాగా, ఇటు రాకండి” అని పక్కవాళ్లకు చెప్పడం. ఇంకో విశేషం విన్నారా? పెద్ద పిల్లలు వెంటనే వేరు కాపురం పెట్టవు. అమ్మానాన్నల దగ్గరే ఉండి తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ సాకుతాయి. ఉమ్మడి కుటుంబం అన్నమాట!

“అత్తయ్యగారూ, ఊరికే చూడటం ఎందుకు, ఫొటోలు తీయండి” అంటూ మా అల్లుడు మూలన పడేసిన కెమెరా తీసి చేతికిచ్చాడు. దూరంలో ఉన్నదాన్ని దగ్గరకు లాగే జూమ్ ఉంది దానికి. వంట తప్ప మరో విద్య తెలియని నాకు మొదట్లో అన్నీ తోకలే పడేవి. కూకబర్రా మాత్రం కొమ్మమీద బొమ్మలా కూర్చుని పురుగుల కోసం, బల్లుల కోసం కనిపెట్టుకుని ఉంటుంది. దానిమీదే చెయ్యి తిప్పుకున్నాను. సూర్యుడు మన వీపు వెనక ఉండాలి, ఫోకస్ పిట్ట కంటిమీద ఉండాలి, నిలబడి కాకుండా పిట్ట ఎత్తుకు వంగి తీయాలి, ఎగిరేదాన్ని తీయాలంటే షటర్ వేగం సెకనులో వెయ్యోవంతైనా ఉండాలి... ఇవన్నీ అల్లుడి పాఠాలే.

సెప్టెంబరు వచ్చేసరికి వాళ్లకు వసంతం. వాగు పక్క దారిలో నడుస్తుంటే నెత్తిమీద టప్పుమని ఏదో కొట్టింది. మాగ్‌పై! నలుపు తెలుపుల్లో కాకంత ఉంటుంది. పాట మాత్రం భలే తియ్యగా పాడుతుంది. గూట్లో గుడ్లూ పిల్లలూ ఉన్న ఆ ఆరువారాలు కొన్ని మగపక్షులు కాపలా కాస్తూ దారినపోయేవాళ్లను ఇలా తంతాయి. పిల్ల కిందపడితే మన కాకులు చేసేది ఇదేగా! ఇవి మనుషుల మొహాలు గుర్తుపెట్టుకుంటాయని కూడా చెప్పింది మా అమ్మాయి. మర్నాటినుంచి గొడుగేసుకుని వేరే దారిన వెళ్లాను. “దగ్గరికి రాకు” అని అంత స్పష్టంగా చెప్పింది గనక దానితో నాకే పేచీ రాలేదు. పేచీ అల్లా అలా చెప్పలేని పిట్టతో వచ్చింది.

దాని పేరు సూపర్బ్ ఫెయిరీ రెన్. మన పిచ్చుక కంటే చిన్నది, తోక నిటారుగా నిలబెట్టుకుని గెంతుతుంది. మగదానికి తలమీదా మెడమీదా మెరిసే నీలిరంగు. ఆడది పాపం మట్టిరంగు. అయినా గూడు కట్టేదీ, గుడ్లు పొదిగేదీ ఆ మట్టిరంగుదే. గడ్డిపోచలు, సాలెగూటి దారాలు తెచ్చి, నేలకు జానెడు మూరెడు ఎత్తులో, పక్కన చిన్న గుమ్మంతో బుట్టలా అల్లుతుంది. రోజూ పది గజాల దూరంలో కూర్చుని ఆ అల్లకం చూసేదాన్ని.

ఈ పిట్ట గురించి 2012లో అడిలైడ్‌లోని ఫ్లిండర్స్ యూనివర్సిటీ వాళ్లు ఓ వింత సంగతి బయటపెట్టారు. పొదిగే తల్లి, పిల్లలు పుట్టడానికి కొద్దిరోజుల ముందునుంచీ గుడ్లతో మాట్లాడుతుందట! ఓ ప్రత్యేకమైన కూత మళ్లీ మళ్లీ కూస్తుంది. గుడ్డులో ఉన్న పిల్ల అది నేర్చుకుని, పుట్టాక అదే స్వరం కలిపి తిండి అడుగుతుంది. ఎందుకంటే అక్కడా ఓ కోకిల జాతి పిట్ట వీటి గూట్లో దొంగగుడ్డు పెట్టి పోతుంది. ఆ సంకేతం సరిగ్గా పలకలేని పిల్ల తనది కాదని తల్లికి అనుమానం వస్తుంది. అభిమన్యుడు తల్లికడుపులో పద్మవ్యూహం విన్నట్టే లేదూ! నెలలు నిండుతున్న మా అమ్మాయికి ఇది చెప్పి ఇద్దరం ఎంత మురిసిపోయామో.

ఆ మురిపెమే కొంప ముంచింది. ఎలాగైనా ఆ తల్లిని గుమ్మంలో ఫొటో తీయాలని పట్టుదల పుట్టింది నాకు. గడ్డి అడ్డొస్తోంది. అక్టోబరు చివర్లో ఓ పొద్దున దగ్గరకు వెళ్లాను. అది తుర్రుమంది. అడ్డంగా ఉన్న గడ్డిని పక్కకు తీసి, బట్టల క్లిప్పు పెట్టి బిగించాను. పావుగంటకు తిరిగొచ్చి లోపల కూర్చుంది. నాలుగు ఫొటోలు. చిన్న ముక్కు, నల్లటి కన్ను, అద్దంలా వచ్చాయి! రేపు మళ్లీ తీద్దామని క్లిప్పు అలాగే ఉంచి ఇంటికొచ్చాను.

మర్నాడు వెళ్లేసరికి గూడు పక్కకు చిరిగి ఉంది. ఎర్రటి చుక్కలున్న గుడ్డు పెంకు ఒకటి కిందపడి ఉంది. క్లిప్పు మాత్రం చెక్కుచెదరలేదు. గూళ్లు దోచుకునే కరవాంగ్ అనే నల్లపక్షి ఒకటి కంచెమీద కూర్చుని ఉంది.

“అమ్మా, వీటి గూళ్లు చాలావరకు ఇలాగే పోతాయటే. నువ్వు చేసిందని ఏముంది?” అంది మా అమ్మాయి. నిజమే కావచ్చు. కానీ ఆ గూటికి ఉన్న చాటు తీసేసింది నేనే కదండీ? నాలుగు ఫొటోలూ అల్లుడి కంప్యూటర్లోనే ఉన్నాయి. ఇంతవరకు ఎవరికీ చూపించలేదు.

ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను, పిట్టలను ఫొటో తీసేవాళ్లకు కొన్ని నియమాలున్నాయి. గూటి దగ్గర కొమ్మ విరవకూడదు, ఆకు పక్కకు తీయకూడదు. ఫ్లాష్ వేయకూడదు. రికార్డు చేసిన కూత వినిపించి పిలవకూడదు. అన్నిటికంటే ముఖ్యం, పిట్ట చేస్తున్న పని ఆపి మనవంక చూసిందంటే, నోట్లో పురుగు పట్టుకుని గూట్లోకి వెళ్లకుండా తచ్చాడిందంటే, మనం దగ్గరైపోయామని అర్థం. వెంటనే వెనక్కి తగ్గాలి. ఆ నీలిపిట్ట కూడా తుర్రుమని చెప్పింది. నేనే వినిపించుకోలేదు.

నవంబరులో మనవరాలు పుట్టింది. పిల్లను భుజాన వేసుకుని వంటింటి కిటికీ దగ్గర జోకొడుతున్నానా, కంచె పక్క పొదలోకి మట్టిరంగు పిట్ట సాలెదారం పట్టుకుని దూరింది! అదేనో, ఇంకొకటో. గూడు పోతే ఇవి ఆ కాలంలోనే మళ్లీ కట్టుకుంటాయి. ఈసారి నేను పెరటి తలుపు కూడా తీయలేదు. డిసెంబరులో నీలి తండ్రీ మరో పిట్టా వంతులేసుకుని పురుగులు మోశాయి. ఓ పొద్దున తోకలింకా పెరగని మూడు పిల్లలు కొమ్మమీద ఒద్దికగా కూర్చున్నాయి. కిటికీ అద్దంలోంచి ఒక్క ఫొటో తీశాను. మసగ్గా మూడు మట్టి ఉండల్లా వచ్చింది. పటం కట్టించి గోడకు పెట్టుకుంది ఈ ఫొటోనే.

ఇంకోటి కూడా చెప్పాలి. అంతకుముందు పసిది కాస్త కెవ్వుమంటే చాలు, అమ్మాయి చేతుల్లోంచి లాక్కునేదాన్ని. “నేను చూసుకుంటానమ్మా” అంటున్నా వినేదాన్ని కాదు. ఆ తర్వాత కాస్త ఆగి చూడటం అలవాటు చేసుకున్నాను. మా అమ్మాయికి బిడ్డను ఊరుకోబెట్టడం బాగానే వచ్చు!

మీ పెరట్లో మందారం కొమ్మకో, వెంటిలేటర్లోనో పిట్ట గూడు పెడితే పిల్లలు చూస్తామని ఎగబడతారు. సెల్‌ఫోన్ పట్టుకుని మనమూ తయారవుతాం. చూడండి, తప్పులేదు. కిటికీ ఇవతలినుంచి చూడండి. తల్లి మీవంక చూడకుండా తన పని తాను చేసుకుంటోందా? అయితే మీరు సరైన దూరంలోనే ఉన్నారు.