అమ్మ కావాలనుకుంటున్నారా? ముందు బరువు సంగతి చూడండి

"పిల్లలు పుడితే ఒళ్ళు అదే సర్దుకుంటుందిలే" - ఈ మాట మన ఇళ్ళల్లో మీరూ వినే వుంటారు. మా అక్క కూతురికీ అందరూ అదే చెప్పారు. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, బరువు 80 కిలోలు. ఆ ఎత్తుకి 57 కిలోలు దాటితేనే మన దేశం వాళ్ళకి ఎక్కువ బరువు కింద లెక్క.

డాక్టరమ్మగారు మాత్రం ముందు బరువు తగ్గమన్నారు. కడుపుతో వున్నప్పుడు తగ్గడానికి కడుపు మాడ్చుకోకూడదు కదండీ! బరువెక్కువైతే నెలసరి తప్పుతుంది, గర్భం నిలవడం ఆలస్యమవుతుంది. నిలిచాక షుగరు, బీపీ, ఆపరేషను భయం. అలాగని మెరుపుతీగలా మారక్కర్లేదు. వున్న బరువులో నూటికి 5 నుంచి 10 వంతులు తగ్గినా మేలేనట. అంటే దానికి 4 నుంచి 8 కిలోలు. వారానికి అర కిలో చొప్పున రెండు నుంచి నాలుగు నెలల పని. వయసు ముప్పై అయిదు దాటినవాళ్ళు ఎన్నాళ్ళు ఆగచ్చో డాక్టరునే అడగాలి.

పిల్ల మొదట టిఫిను మానేసి, ఎవరో ఇచ్చిన పొడి నీళ్ళలో కలుపుకు తాగింది. నాలుగో రోజుకి కళ్ళు తిరిగాయి. ఆ డబ్బా మా అక్క చెత్తలో పడేసింది. ఇప్పుడు మూడు గరిటెల అన్నం ఒకటిన్నర అయింది. ఆ ఖాళీలో పప్పు, సొరకాయో బీరకాయో కూర, మజ్జిగ. నూనె మనిషికి నెలకి అర లీటరు, కొలిచి తీయడమే. గిన్నెలో మిగిలింది పారెయ్యలేక మనం తినేస్తామే, ఆ అలవాటు ముందు పోవాలి!

సాయంత్రం అరగంట నడక, అల్లుడితో కలిసి. మగవాడి బరువు కూడా సంతానానికి అడ్డు పడుతుందని డాక్టరమ్మగారు అతని ఎదుటే చెప్పారు. నాకైతే ప్రాణం లేచొచ్చింది. అంతవరకూ మాటలన్నీ పిల్లే పడింది మరి.

షుగరు, థైరాయిడు, బీపీ చూపించుకోండి. ఫోలిక్ యాసిడ్ మాత్ర గర్భం రాకముందు నుంచే, కనీసం నెల ముందే మొదలుపెట్టాలి. బరువున్నవాళ్ళకి మోతాదు ఎక్కువ కావచ్చు, అది డాక్టరే చెప్పాలి. సన్నబడే మాత్రలేవైనా వేసుకుంటుంటే దాచకండి.

అయిదు నెలల్లో మా పిల్ల ఆరు కిలోలు తగ్గింది, నెలసరి దారిన పడింది. మొన్న పెళ్ళిలో ఒకావిడ "ఏమైనా విశేషమా?" అంది. పిల్ల ముఖం చిన్నబోయింది. "ఆరు కిలోలు తగ్గిందండీ, అదే విశేషం" అని నేనే చెప్పాను.