బేతంచెర్ల బండబాట

బేతంచెర్ల పేరు వినని వారుండవచ్చునేమో గాని, బేతంచెర్ల రాయి తొక్కని వారు తెలుగునాట తక్కువ. ఎండాకాలం మధ్యాహ్నం వసారాలో చాప కూడా లేకుండా పడుకుంటే వీపుకు చల్లగా తగిలే నాపరాయి ఉన్నదే, అది ఆ ఊరినుంచి వచ్చినదే కావచ్చును. నేను మాత్రం ఆ రాళ్ళు చూడడానికి వెళ్ళలేదు. మా అక్క ఫోను చేస్తే వెళ్ళాను.

"నీ మేనల్లుడు మళ్ళీ పడ్డాడురా. మోచేయి కొట్టుకుపోయింది. ఆ సైకిలు అమ్మెయ్యరా అంటే వినడు. కొంటామని ఒకాయన ఆదివారం వస్తానన్నాడు. నీ మాటంటే వాడికి గురి. వచ్చి ఒప్పించిపో" అన్నది.

నంద్యాలలో రైలెక్కాను. పాణ్యం దాటిన తర్వాత ఎర్రమల కొండలు కిటికీకి దగ్గరవుతాయి. ఒకప్పుడు ఈ దారిలో మీటరుగేజి బండి నడిచేది. ఇప్పుడు పెద్ద బండ్లే నడుస్తున్నాయి. 2022 ఏప్రిల్‌లో కర్నూలు జిల్లాను విడదీసి నంద్యాల జిల్లా చేసినప్పుడు బేతంచెర్ల కొత్త జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారినా ఊరి తీరు మారలేదు. ఎక్కడ చూసినా రాళ్ళే. నిలువుగా పేర్చిన బండలు, రాయి కోసే రంపాల మోత, చెట్ల ఆకులమీద కూడా తెల్లని దుమ్ము. మా బావకు అక్కడే చిన్న పాలిషు ఫ్యాక్టరీ ఉన్నది.

మావాడు వసారాలో సైకిలు పక్కనే కూర్చుని ఉన్నాడు. మోచేతికి కట్టు. "మామా, నువ్వు కూడా అమ్మేయమనడానికేనా వచ్చావు?" అన్నాడు. నేను మంచినీళ్ళు అడిగాను.

ఆ సైకిలు మనం చిన్నప్పుడు గంటకింత అని అద్దెకు తీసుకున్న సైకిళ్ళ జాతి కాదు. కొండమీదినుంచి దిగడానికే పుట్టినది. ఈ వేడుకకు మూలం అమెరికాలోని కాలిఫోర్నియా. 1976లో అక్కడి కుర్రాళ్ళు కొందరు పాత సైకిళ్ళమీద ఒక కొండబాటలో పందెం దిగారు. బ్రేకు వేడికి హబ్బులోని గ్రీజు మాడిపోయేదట. ప్రతి దిగుడుకూ మళ్ళీ కూరవలసి వచ్చేది. అందుకని ఆ పందేనికి 'రీప్యాక్' అనే పేరు వచ్చింది. 1990 నాటికి ఈ దిగుడు పందేలకు ప్రపంచ పోటీలు కూడా వచ్చాయి.

మావాడి బండిలో వెనక చక్రం చట్రానికి బిగించి ఉండదు. కీళ్ళున్న చేతులకు ఉంటుంది. ఆ చేతులకూ చట్రానికీ మధ్య గాలితో పనిచేసే షాక్ అబ్జార్బరు. చక్రం 200 మిల్లీమీటర్లు పైకి లేస్తే, షాకులోని కడ్డీ 75 మిల్లీమీటర్లు లోపలికి పోతుంది. బెంగుళూరులో ఎనభై కిలోల మనిషి ఎవరో వాడి అమ్మినది. మావాడు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో కొన్నాడు. వాడి బరువు యాభైరెండు కిలోలు.

మరునాడు తెల్లవారుజామున ఊరిబయట గుట్టకు వెళ్ళాము. పాత బండిబాట ఒకటి మెట్లు మెట్లుగా పరుచుకున్న బండలమీదుగా కిందికి దిగుతుంది. మావాడు మొహమంతా కప్పే హెల్మెట్టు, మోకాళ్ళకు తొడుగులు పెట్టుకుని బయలుదేరాడు. నేను కింద నిలబడ్డాను. పది బారలు దిగేసరికి వెనక చక్రం గాలిలో ఎగరడం మొదలుపెట్టింది. ప్రతి మెట్టుకూ తన్నిన గుర్రంలాగా వాడిని హ్యాండిలు మీదికి విసురుతోంది. సగం దారిలో కాళ్ళు నేలకానించి ఆపాడు. దగ్గరికి వెళ్ళి చూస్తే మొహం పాలిపోయి ఉంది.

"బ్రేకు పట్టినా ఆగడంలేదు మామా" అన్నాడు. చక్రం నేలను తాకితే గదా బ్రేకు ఆపేది! అక్క మాటే నిజమనిపించింది. అమ్మేయమని ఆ క్షణాన చెప్పేవాణ్ణే.

రోడ్డుమీది టీకొట్టు దగ్గర బండల లోడుతో ఒక లారీ ఆగి ఉంది. డ్రైవరు గ్లాసు పట్టుకుని ఇదంతా చూస్తున్నాడు. మేము దిగి రాగానే నవ్వి, "ఏమబ్బీ, నీ బండి ఖాళీ లారీ మాదిరి ఎగురుతా ఉందే!" అన్నాడు.

ఏమిటని అడిగితే విడమర్చి చెప్పాడు. లారీ కమాన్ కట్టలు లోడుకు తగినట్టు వేస్తారు. బండలు నింపితే అవి వంగి, గుంట వస్తే గుంటలోకీ, మిట్ట వస్తే మిట్టమీదికీ చక్రాన్ని పోనిస్తాయి. అదే లారీ ఖాళీగా తిరిగి వస్తే కట్టలు వంగవు; చిన్న రాయికి కూడా బండి ఎగిరి పడుతుంది. "కట్టలు మంచివే సార్. మోసేదే లేదు" అన్నాడు.

నేనూ మావాడూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము. ఎనభై కిలోల మనిషికి నింపిన గాలిమీద యాభైరెండు కిలోల పిల్లవాడు కూర్చున్నాడు. ఖాళీ లారీయే గదా!

ఇంటికి వచ్చి పని మొదలుపెట్టాము. ముందు కడ్డీమీది రాతిదుమ్మును మెత్తని గుడ్డతో తుడిచాము. ఆ దుమ్ము సీలు సందున చేరితే ఆకురాయిలా అరగదీస్తుంది. తర్వాత షాకును ఒక కొనన ఊడదీసి, వెనక చక్రాన్ని చేత్తో లేపి దించాము. కీళ్ళు పట్టేస్తే ఎంత మంచి షాకయినా ఏమీ చేయలేదు. అదృష్టవశాత్తు తేలికగానే ఆడాయి.

షాకును మళ్ళీ బిగించి అసలు కొలతకు దిగాము. మావాడు హెల్మెట్టుతో సహా ఎక్కి, పెడళ్ళమీద నిలబడ్డాడు. బావ హ్యాండిలు పట్టుకున్నాడు. కడ్డీమీది రబ్బరు రింగును సీలుకు ఆనించాను. వాడు మెల్లగా దిగిన తర్వాత రింగు ఎంత జరిగిందో స్కేలు పెట్టి చూశాను. 12 మిల్లీమీటర్లు. 75లో అది 16 శాతం. ఎక్కగానే బరువుకు దిగే ఈ దిగుడును 'సాగ్' అంటారు. కొండ దిగే బండికి 30 శాతం దరిదాపుల్లో ఉండాలి, అంటే 22 లేక 23 మిల్లీమీటర్లు.

"ఊరికే కూర్చుంటేనే అంత దిగిపోతే, దెబ్బ తగిలినప్పటికి ఏం మిగులుతుంది?" అని బావ అడిగాడు. నాకూ ఆ సందేహమే. మావాడే చెప్పాడు: మిట్ట వచ్చినప్పుడు చక్రం పైకి లేవడం ఎంత అవసరమో, గుంట వచ్చినప్పుడు కిందికి దిగడమూ అంతే అవసరం. ముందే కొంత దిగి ఉంటేనే గుంటలోకి చాచడానికి కాలు ఉంటుంది. లేకపోతే గుంటమీద చక్రం గాలిలో వేలాడుతుంది.

గాలి కొంచెం కొంచెంగా వదిలాము. వదిలినప్పుడల్లా షాకులోని రెండు అరల్లో గాలి సర్దుకోవడానికి సీటును నాలుగైదుసార్లు నొక్కి, మళ్ళీ కొలిచాము. నాలుగోసారికి 23 వచ్చింది.

ఇక రెండవ తప్పు. షాకుకు ఎర్రని మర ఒకటి ఉన్నది. అణిగిన షాకు ఎంత వేగంగా తిరిగి లేవాలో అది నిర్ణయిస్తుంది. బండి గట్టిగా ఉందని మావాడు ఆ మరను పూర్తిగా వదులు చేసి పెట్టాడు. వదులైతే మెత్తబడుతుందనుకున్నాడు పాపం! మెత్తబడలేదు సరిగదా, అణిగిన షాకు ఒక్కసారిగా లేచి వాడినే తన్నింది. పూర్తిగా బిగిస్తే సుఖమా అంటే అదీ కాదు. ఒక దెబ్బనుంచి లేవకముందే ఇంకో దెబ్బ తగిలి, మెట్టు మెట్టుకూ కుంగిపోయి చివరకు కర్రలా అవుతుంది.

అందుచేత మరను మొదట పూర్తిగా మూసి, క్లిక్కులు లెక్కపెట్టుకుంటూ తెరిచాము. ప్రతిసారీ వాడు వసారా మెట్టుమీదినుంచి సీటుమీద కూర్చునే దిగాడు. మొదట బురదలో కూరుకున్నట్టు ఉండిపోయింది. ఎనిమిదో క్లిక్కు దగ్గర ఒక్కసారి లేచి నిలిచింది. ఇంకా తెరిస్తే రెండుసార్లు ఊగింది. ఎనిమిది దగ్గరే ఆపి, బావగారి రాళ్ళ లెక్కల పుస్తకంలో రాసుకున్నాము. నీలిరంగు మర మరొకటి ఉన్నది గాని దాని జోలికి పోలేదు. ఒకేసారి రెండు మందులు వేస్తే ఏది పనిచేసిందో వైద్యుడికైనా తెలియదు గదా.

సాయంత్రం బావ మమ్మల్ని బిల్లసర్గం గుహలకు తీసుకువెళ్ళాడు. 1844లో న్యూబోల్డ్ అనే దొర వీటిగురించి రాశాడు. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ ఇక్కడ తవ్వి, ప్రాచీన జంతువుల ఎముకలెన్నో బయటికి తీశారు. సున్నపురాతిని నీరు వేల ఏళ్ళు తొలిచి చేసిన గుహలవి. అదే రాతిమీదినుంచి రెండు నిమిషాల్లో దిగాలని మావాడి పట్టుదల!

ఆదివారం ఉదయం మళ్ళీ గుట్టకు వెళ్ళాము. ఈసారి అక్క కూడా వచ్చింది. వాడు పైన కదలగానే కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకున్నది. నేను మాత్రం వెనక చక్రాన్నే చూశాను. మెట్టు దిగితే దిగింది, గుంట వస్తే గుంటలోకి పోయింది. పాలవాడు వెంట తిప్పుకునే కుక్కపిల్లలా నేలను వదలలేదు. మలుపు దగ్గర బ్రేకు పట్టాడు, చక్రం విన్నది.

"అయిపోయిందా?" అన్నది అక్క, కొంగు తీయకుండానే.

"అయిపోయిందమ్మా" అని వాడే జవాబు చెప్పాడు, పక్కన నిలబడి. రింగు చూశాము. మొన్న సగం దారికి 50 మిల్లీమీటర్లు దాటని రింగు ఇవాళ 70 దగ్గర ఉంది. ఇంకా పెద్ద దెబ్బకు అయిదు మిగిలింది.

అక్క ఏమీ అనలేదు. కొనేవాడు వచ్చినప్పుడు కాఫీ ఇచ్చి, "పిల్లవాడు ఇంకా వాడుకుంటాడట" అని పంపించింది. ఆ తర్వాత మావాడికి మూడు షరతులు పెట్టింది: హెల్మెట్టు లేకుండా ఎక్కకూడదు, ఒంటరిగా గుట్టకు పోకూడదు, రెండు పూటలా కడుపునిండా తినాలి.

రైలు పాణ్యం చేరిన తర్వాత గాని నాకు గుర్తురాలేదు, నేను ఆ సైకిలు అమ్మించడానికి వెళ్ళానని.

మొన్న వాడు ఫోను చేశాడు. "మామా, రెండు కిలోలు పెరిగాను. సాగ్ మళ్ళీ కొలవాలి" అన్నాడు. వెనకనుంచి అక్క గొంతు వినిపించింది. మూడో షరతు నెగ్గినందుకు నవ్వుతోంది.