ఇంటి గాదె

2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస చెంత తీరము దాటినది. బరంపురమున మా యింట కరెంటు పోయెను. వాన వెలిసి ఎండ కాసినను మేడమీది సౌరఫలకములు అక్కరకు రాలేదు. అమ్మ ఇన్సులిన్ సీసాలను మట్టికుండలో దాచి కాపాడితిమి.

వీధి తీగలపై పనిచేయువారికి ప్రాణాపాయము కలుగకుండ, సరఫరా లేనపుడు సాధారణ సౌర ఇన్వర్టరు తనంత తానే ఆగిపోవునని పిదప తెలిసినది. అందుచేత బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టరును పెట్టించితిమి. పగలు ఇంటి వాడకము పోగా మిగిలిన విద్యుత్తు బ్యాటరీలో చేరును. సరఫరా పోయినచో ఆ యంత్రము వీధి తీగలనుండి విడివడి, మన యింటికి మాత్రమే విద్యుత్తు నిచ్చును.

మా తాతగారు పంటనాడే గాదె నింపెడివారు. అమ్మ ఈ బ్యాటరీని గాదె యనియే పిలుచును. ప్రతి సాయంకాలము "గాదె నిండిందా?" అని అడుగును. ఒడియా బడిలో చదువు నా కుమార్తె అంకెలు చూచి, "నిండింది, మామ్మా" యని బదులు చెప్పును.