గ్రాముల లెక్క

ముప్పయ్యో వారంలో బీపీ బాగా పెరిగింది. ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. పాప బరువు 1,240 గ్రాములు. మర్నాడు నన్ను వీల్‌చైర్‌లో ఎన్‌ఐసీయూకి తీసుకెళ్లారు. గాజుపెట్టెలోకి చెయ్యి పెట్టి ముట్టుకోమంది సిస్టర్. నేను ముట్టుకోలేదు. భయమేసింది.

మొదటి వారం బరువు తగ్గుతూ వచ్చింది. ఐదో రోజుకి 1,120. ఒంట్లో నీరు పోతుందని, నెలలు నిండని పిల్లలు పదో వంతు దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ తగ్గుతారని, మళ్లీ పుట్టిన బరువుకి రావడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చని డాక్టరు ముందే చెప్పారు. అర్థమైంది. అయినా నిద్ర పట్టేది కాదు. నాకు పాలు రావడం లేదు. పక్క మంచం తల్లికి సీసా సగం నిండేది. నా సీసాకి అడుగు తడిసేది, అంతే. అది సిస్టర్‌కి ఇవ్వడానికి సిగ్గుపడి చెంగు కింద దాచేదాన్ని. ఆ తల్లే గమనించింది. అర్ధరాత్రి కూడా లేచి పిండాలమ్మా అని చెప్పి, తను లేచినప్పుడల్లా నన్నూ లేపేది. పాలు పెరిగాయి. ఆమె లేకపోతే నేను మానేసేదాన్ని.

రోజూ ఉదయం ఒకే వేళకి, పాలు పట్టకముందు, డైపర్ తీసి, అదే కాటా మీద తూచేవారు. ఆ అంకె తెలిసేదాకా నాకు కాఫీ కూడా దిగేది కాదు. అమ్మ మాత్రం బరువు ఎవరికీ చెప్పొద్దంది, దిష్టి తగులుతుందని. ఇరవై ఒకటో రోజున బారసాల లేదు. ఆ రోజే మొదటిసారి పాపని నా గుండెల మీద, ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టారు.

ఆ తర్వాత ఒక ఉదయం 35 గ్రాములు తగ్గింది. నాకు కాళ్లు వణికాయి. మెట్ల మీద కూర్చుని మా ఆయనకి ఫోన్ చేశాను, మాట రాలేదు. నైట్ డ్యూటీ దిగి వెళ్లిపోతున్న సిస్టర్ వెనక్కి వచ్చింది. కేస్ షీట్ తెరిచి చూపించింది. నిన్నటిదాకా సెలైన్ సూది కదలకుండా పాప చేతికి చిన్న పలక కట్టి ఉంది. దాన్ని రాత్రి తీసేశారు. "ఒక్కరోజు అంకె చూడకమ్మా, వారం చూడు" అంది. ఆమె డ్యూటీ అప్పటికే అయిపోయింది. అయినా నేను లేచేదాకా పక్కనే ఉంది.

డాక్టరు గ్రాఫ్ చూపించింది ఆ రోజే. దాన్ని ఫెంటన్ చార్ట్ అంటారు. అందులో బరువుకి, పొడుగుకి, తలకి వేరువేరు గీతలు. బరువు కిలోకి రోజుకి 15 నుంచి 20 గ్రాములు పెరగాలి. తల వారానికి అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు. ఒంటికి నీరు పట్టినా బరువు పెరుగుతుంది కాబట్టి తలా పొడుగూ కూడా చూడాలన్నారు. తల మరీ త్వరగా పెరిగినా పరీక్ష చేయాలి. పొడుగు కొలవడానికి ఇద్దరు కావాలి. ఒకరు తల పట్టుకుంటే ఇంకొకరు కాళ్లు చాపుతారు. ఒకసారి తల నన్నే పట్టుకోమన్నారు. పట్టుకున్నాను.

నాలుగో వారంలో కంటి పరీక్ష అయింది. ఇంటికి వచ్చేనాటికి 1,900. ఇంట్లో కాటా లేదు. సన్నబడిందేమోనని రాత్రిళ్లు లైటు వేసి చూసేదాన్ని. చుట్టాలు తమ పిల్లలతో పోల్చేవారు. మా అత్తయ్య వాళ్లకి అడ్డుపడి, పది వారాలు ముందే పుట్టింది, వయసులోంచి అవి తీసేసి లెక్కపెట్టండి అనేది. ఆమె అన్నదే సరైన లెక్క. టీకాలు మాత్రం పుట్టిన తేదీ నుంచే వేయించాం.

మీ బిడ్డ ఇప్పుడు ఆ పెట్టెలో ఉంటే మూడు కొలతలూ అడగండి, రాసుకోండి. డిశ్చార్జ్ కాగితం మీద మూడూ రాయించుకోండి. అంకె తగ్గిన రోజు కారణం అడగడానికి మొహమాటపడకండి. మా పాపకి రెండేళ్లు దాటాయి. ఆ పది వారాలు ఇక తీసేయక్కర్లేదని డాక్టరు చెప్పారు.