రెండు పచ్చలు

గోడకు రంగు ఎంచుకోవడము కూడ ఒక సంగతేనా అని మీరు అనుకోవచ్చును. మా అమ్మగారు పల్లె విడిచి మా యొద్ద ఉండడానికి వస్తున్నారు గనుక తూర్పు గదికి డిస్టెంపరు వేయించవలసి వచ్చింది. తెల్ల సున్నము మీద ఎండ పడితే ఆమెకు కళ్లు చెదురుతాయి. పచ్చ చల్లగా ఉంటుందని ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నాము. ఏ పచ్చ అన్నదే తేలలేదు.

షేడ్ కార్డులో రెండు మిగిలాయి. ఒకటి పసుపు కలిసిన లేత పచ్చ, రెండవది కొంచెము నీలము కలిసినది. ప్రక్కప్రక్కన పెడితేనే తేడా. అంగుళము ముక్కను చూసి తీర్పు చెప్పవద్దని పెయింటరు అన్నాడు. అది నిజమే. తడి డిస్టెంపరు ముదురుగా కనబడి, ఆరితే తేలిపోతుంది. నాలుగు గోడలకూ ఒకే రంగు వేస్తే ఒక గోడ వెలుగు మరొక దానిపై పడి రంగు చిక్కబడుతుంది. అందుచేత కిటికీ ఎదుటి గోడమీద రెండేసి అడుగుల చదరములు, రెండేసి పూతలు వేయించాము. ఉదయపు ఎండలో రెండూ వేరు. ట్యూబ్‌లైటు క్రింద నీలపుది మరీ చల్లబడింది. పాత పసుపు బల్బు వేస్తే రెండూ ఒకటే!

ఇంతలో అమ్మగారు చూడడానికి వచ్చారు. ఆమె కుడి కంటికి నిరుడు శుక్లము తీశారు. ఎడమ కన్ను షుగరు అదుపులోకి వస్తే గాని చేయలేమని డాక్టరుగారు ఆపారు. ఆమె ఎడమ కన్ను మూసి, "రెండూ వేరు నాయనా" అన్నారు. కుడి కన్ను మూసి, "ఇప్పుడు ఒకటే" అన్నారు.

శుక్లము పట్టిన కంటి కటకము పసుపు, గోధుమ రంగుకు తిరిగి నీలపు వెలుగును ఆపివేస్తుంది. ఫ్రాన్సు చిత్రకారుడు క్లోద్ మోనేకు 1923లో ఒక కంటికే ఈ ఆపరేషను జరిగింది. రంగులతోనే బ్రతికినవాడు ఎంత తికమకపడ్డాడో!

"పసుపు పచ్చ ఏ కంటికీ పెద్దగా మారడము లేదు. అదే వేయించండి" అన్నారు అమ్మగారు.

"రెండో కన్ను కూడా బాగైతే, అత్తయ్యా?" అని మా ఇల్లాలు అడిగింది. ఆమెకు నీలపుదే ఇష్టము.

"అప్పటి మాట కదమ్మా."

గుమ్మమునకు మాత్రము ముదురు రంగు వేయిస్తున్నాము. గోడ లేతగా ఉంటే, చూపు తగ్గినవారికి తలుపు ఎక్కడున్నదో దానివలన తెలుస్తుంది. మిగిలిన నీలపు పచ్చను మా ఇల్లాలు పారవేయనీయలేదు. మూత బిగించి అటకమీద పెట్టింది.